మళ్ళీ ప్రయత్నించండి

కాశీబుగ్గ రైల్వే గేటు దాటాక
ఎడమ సందులో మా జీడిపప్పు ఫ్యాక్టరీ.
గాలి నిండా కాలిన పిక్క వాసన, గోడలకు మసి,
ఆఫీసు గదికి మాత్రం ఏసీ.
ఏసీ కింద నేనూ, ఒక ఏజెంటూ.

ఏజెంటంటే సోంపేట వైపు తోటల్లో
పిక్కలు బేరమాడే దండాసి అనుకునేరు.
ఇది కంటికి కనబడదు. టీ అడగదు.
కెమెరాలోంచి పప్పు చూసి
గుండు ఇటు, బద్ద అటు, నూక కిందకి తోస్తుంది.
కాటా చదువుతుంది, కూలి రాస్తుంది.
ఇంటి తాళాలన్నీ దాని మొలకే కట్టాం.
కట్టింది నేనే.

దానికో అలవాటు.
రాత్రి రెండూ పదికి, పలాస స్టేషన్లో
గూడ్సు బండి తప్ప ఇంకేదీ మెలకువగా లేనప్పుడు,
తనే తలుపు తీసి, కొత్త బుద్ధి తెచ్చుకుని మింగుతుంది.
అప్‌డేట్ అంటాం.
ఎవరు పంపారు, ఏ చేత్తో పంపారు అని
అది అడగదు.
డబ్బా మీద కంపెనీ పేరుంటే చాలు.

గేటు దగ్గర ఇంకో యంత్రం. అది అడుగుతుంది.
పొద్దున్న ఆరింటికి కొర్ల అసిరమ్మ బొటనవేలు పెడుతుంది.
"మళ్ళీ ప్రయత్నించండి."
చీర చెంగుకు తుడిచి పెడుతుంది.
"మళ్ళీ ప్రయత్నించండి."
ఇరవై రెండేళ్ళు జీడిరసం తిన్న వేళ్ళు,
గీతలేం మిగల్లేదు.
"నాను నాను కాదంటాదేటి పాపా ఇది"
అని నవ్వుతుంది.
నేను రిజిస్టరు తెచ్చి చేత్తో రాసేలోగా
అరగంట కోత పడిపోయే ఉంటుంది.

శ్రావణంలో ఒక మంగళవారం
ఆవిడే వచ్చి గుమ్మంలో నిలబడింది.
"కేజీకి నలభై గ్రాములు కొరత పడతన్నాది పాపా."
తెర మీద అన్నీ పచ్చగానే ఉన్నాయన్నాను.
"తెర సంగతి నాకు తెల్దు. దోసిలి సంగతి తెల్సును."
పాత తూనికరాళ్ళు తెప్పించి తూచాం.
నలభై రెండు.
దోసిలి రెండు గ్రాములు మర్యాద చేసింది.

ఆ రాత్రంతా చిట్టాలు తిరగేశాను.
తొమ్మిది రోజుల కిందట, రెండూ పదికి,
డబ్బా మీద కంపెనీ పేరే,
లోపల సంతకం ఎవరిదో.
సంతకాలు పోల్చి చూడాలా అన్న గడిలో
'అక్కర్లేదు' అని పెట్టి ఉంది.
ఎవరో పెట్టారు.
ఎవరో ఏమిటి,
మొదటివారం తొందరలో, తర్వాత మారుద్దాంలే అని,
నేనే.

"అసలు అప్‌డేట్లే ఆపేస్తే పోదా" అన్నారు బెహరా గారు.
పాత బుద్ధికి కన్నాలుంటాయి సార్,
అవి మనకన్నా దొంగకి బాగా తెలుసు.
"అయితే మరి?"
ఆ మరి దగ్గరే నాలుగు రాత్రులు కూర్చున్నాను.
మొల తాళాలు ఒక్కొక్కటే విప్పాను:
పప్పు చూసే కంటికి కూలి పుస్తకంతో పనేంటి?
ఏ డబ్బా వచ్చినా ఇప్పుడు ముందు అరుగు మీద కూర్చోవాలి.
సంతకం కలిసినా సరే,
మూలనున్న ముసలి యంత్రం మీద ఒక పగలు నడిచి చూపించాలి.
నిన్నటి బుద్ధి బీరువాలో ఉంది,
తేడా వస్తే దాన్నే తొడుగుతాను.

ముప్పై నాలుగు మందికి బాకీ కూలి తిరిగి వచ్చింది.
"వేలిముద్ర వేసి తీసుకోండి" అన్నాడు గుమస్తా.
అసిరమ్మ నా వైపు చూసింది.
నేను రిజిస్టరు వైపు చూశాను.

నిన్న రాత్రి రెండూ పదికి ఫోను వెలిగింది.
అరుగు మీద ఒక డబ్బా. పేరు సరే. సంతకం కాదు.
తిప్పి పంపే మాట నేనే రాయాలి.
'మళ్ళీ ప్రయత్నించండి' అని కొట్టి, చెరిపేశాను.
ఆ మాట రోజూ ఆరింటికి
గేటు దగ్గర ఒకరికి ఊరికే పంచుతున్నాం.
దొంగకి అంత మర్యాద ఎందుకు.

'పో' అని రాశాను.

తర్వాత నిద్ర పట్టలేదు.
ఐదున్నరకే వెళ్ళి గేటు దగ్గర
రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసి పెట్టాను.